ఈత వచ్చినవాళ్ళ జాబితా

మా వైపు ‘ఆయ్’ అనే మాట ఒకటుంది. బయటివాళ్ళు దాన్ని ‘అవును’ అనుకుంటారు. వాళ్ళ తప్పు లేదు, అచ్చం అలాగే వినిపిస్తుంది. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవాడికి మాత్రం తెలుసు, అది అవునూ కాదు, కాదూ కాదు. ‘మీరు మాట్లాడుతున్నారు, నేను వింటున్నాను, మీరంటే నాకు గౌరవం, మిగతా సంగతి తరవాత చూసుకుందాం’ అన్నదంతా ఆ ఒక్క ముక్కలో కుదించి పెట్టుకున్నాం. పెళ్ళికి పిలిస్తే ఆయ్ అంటాం. మీ కొబ్బరిచెట్టు మా గోడ మీదికి వాలిందని పక్కింటాయన దెబ్బలాటకొస్తే ఆయ్ అంటాం. డాక్టరు అన్నం తగ్గించమంటే ఆయ్ అని ఇంటికెళ్ళి మామూలుగానే తింటాం. ఈ మాట వల్ల మా జిల్లాల్లో ఎన్ని తగాదాలు మొదలవకుండానే ఆగిపోయాయో చెప్పలేను. నాకు మాత్రం దీనివల్ల ప్రాణం మీదికొచ్చింది.

నేను రాజమండ్రి శివార్లలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో లైబ్రేరియన్‌ని. వయసు నలభై ఏడు. ఆ మధ్య మా కాలేజీకి హైదరాబాదు నుంచి కొత్త డైరెక్టరు గారు వచ్చారు. మంచి మనిషి, ఆ మాట ముందే చెప్పాలి. పొద్దున్నే లేచి కాలేజీ గ్రౌండు చుట్టూ పరుగెత్తుతారు, ఉప్పు తక్కువ తింటారు, అటెండరుని కూడా మీరు అంటారు. ఆయనకి ఒక నమ్మకం ఉంది. స్టాఫంతా కలిసి ఏడాదికోసారి ఏదైనా కష్టమైన పని చేస్తే కాలేజీ బాగుపడుతుందని. మొదటి ఏడాది మమ్మల్ని ఒక కొండ ఎక్కించారు. మోకాళ్ళు నొప్పెట్టాయి గాని ఎవరం చావలేదు. రెండో ఏడాది ఆయన కన్ను సముద్రం మీద పడింది.

కాకినాడకి దిగువన కోరింగ మడ అడవి ఉంది. నీళ్ళలోనే పెరిగే అడవి. ఒక పక్క గోదావరి పాయలు, ఇంకో పక్క సముద్రం. తాళ్ళరేవు దగ్గర కాలవలోంచి బయల్దేరి, అడవి బయటి అంచు పట్టుకుని సముద్రంలో భైరవపాలెం దాకా కయాకుల్లో వెళ్ళాలి. రెండు రోజులు, ఎనిమిది మందిమి, నాలుగు కయాకులు. కయాకంటే ఇద్దరు కూర్చునే సన్నటి ప్లాస్టిక్ దోనె. అందులో కూర్చుంటే నీళ్ళు మన నడుం పక్కనే ఉంటాయి, చెయ్యి వేలాడేస్తే మునుగుతుంది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం డైరెక్టరు గారు నన్ను గదికి పిలిచారు.

“లైబ్రేరియన్ సాబ్, మీరు పక్కా గోదావరోళ్ళు. ఈ ట్రిప్‌కు మీరే ఇన్‌ఛార్జి. ఈత మస్తుగ వస్తది గద మీకు?”

“ఆయ్,” అన్నాను.

నా లెక్కలో దాని వెనక ఒక ‘కానండి’ ఉంది. ‘ఆయ్, కానండి, చిన్నప్పట్నుంచీ నాకు నీళ్ళంటే భయమండి’ అన్నది పూర్తి వాక్యం. మొదటి ముక్క నా నోట్లోంచి వచ్చేసరికి ఆయన ఫోను మోగింది. మాట్లాడుతూనే నా వైపు చూసి బొటనవేలు పైకెత్తారు. ఎదురుగా ఉన్న కాగితం మీద నా పేరు రాసి పక్కన టిక్కు పెట్టారు. నేను ఇంకో నిమిషం నిలబడ్డాను. ఆయన కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నారు. నేను తలుపు చప్పుడు కాకుండా వేసి బయటికొచ్చేశాను. ఆ ఫోను అయ్యేదాకా ఆగి ఉంటే సరిపోయేది. నా మీద నాకు ఇప్పటికీ కోపం వచ్చేది అక్కడే.

అవును, నాకు ఈత రాదు. మా ఇల్లు కాలవ గట్టు మీద, వాకిట్లోంచి పది అడుగులు వేస్తే రేవు. తొమ్మిదేళ్ళప్పుడు అందరిలాగే నన్నూ అరటి బోదె ఇచ్చి కాలవలో దింపారు. బోదె పట్టుకుని కాళ్ళు కొడుతూ ఉంటే ఈత దానంతటదే వస్తుంది, మా అన్నలిద్దరికీ అలాగే వచ్చింది. నా బోదె జారిపోయింది. నీళ్ళలో కళ్ళు తెరిచే ఉన్నాను. అంతా పసుపు కలిసిన ఆకుపచ్చ, పైన ఎక్కడో మా అన్నల నవ్వులు. నేను ఆటకి మునిగాననుకున్నారు. రేవులో బట్టలుతుకుతున్న ఒకావిడ జుట్టు పట్టుకుని బయటికి లాగింది.

ఆ తరవాత రేవులో రెండో మెట్టు దాటి దిగలేదు. ఎవరైనా రమ్మంటే ఒకసారి జలుబన్నాను, ఒకసారి చెవిపోటన్నాను. పెద్దయ్యాక అడిగేవాళ్ళు తగ్గిపోయారు. పెళ్ళిచూపుల్లో ఈతొచ్చా అని అడగరు, ఇంటర్వ్యూలో అంతకన్నా అడగరు. గోదావరి జిల్లాలో మగవాడికి ఈత రాదంటే నమ్మరు, నమ్మినవాళ్ళు చచ్చేదాకా వదలరు. అందుకని ముప్పై ఎనిమిదేళ్ళు గుట్టుగా నెట్టుకొచ్చాను.

ఒక్క మా ఆవిడకే తెలుసు. ఆవిడది మొగల్తూరు పక్క పల్లె, చిన్నప్పుడే అన్నదమ్ములతో పోటీపడి కాలవలు ఈదిన మనిషి. పెళ్ళైన కొత్తలో వాళ్ళూరి దగ్గర సముద్రానికి తీసుకెళ్ళింది. మోకాలి లోతు నీళ్ళలో నేను తన చెయ్యి పట్టుకున్న పట్టు చూసి విషయం గ్రహించింది. “అయ్యబాబోయ్! కాలవ గట్టునే పుట్టేరన్నారు గదండీ, కాళ్ళు కడుక్కోడానికేనా?” అని ఇసకలో కూలబడి నవ్వింది. ఆ తరవాత ఇన్నేళ్ళలో ఎవరి ముందూ ఆ మాట ఎత్తలేదు. మా బావమరుదులు చెరువులో దిగమని బలవంతపెడితే నాకంటే ముందు తనే “ఆయనకి పడిశం పట్టింది, ఊరుకోండ్రా” అని అడ్డం పడేది. అందుకు నాకు ఆవిడంటే ఎంత ఇష్టమో పైకి ఎప్పుడూ చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

సరే, ఇన్‌ఛార్జి అన్నాక పని చెయ్యాలి. అసలు బాధేమిటంటే నాకు ఆ పని నచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఇంకొకరి పుస్తకాల మీద ముద్రలు గుద్దుతున్న మనిషికి మొదటిసారి సొంతంగా ఒక ప్లాను గీసే పని దొరికింది. మ్యాపులు తెప్పించాను. రోజుకి రెండుసార్లు పోటు వచ్చి నీళ్ళు అడవిలోకి ఎక్కుతాయి, రెండుసార్లు వెనక్కి తీసి కాలవల్లో బురద మిగులుస్తాయి. బురదలో దోనె కదలదు, దిగితే మనిషి తొడల దాకా దిగబడతాడు. అందుకని ఏ రోజు ఎన్ని గంటలకి బయల్దేరితే నీళ్ళు మనల్ని తీసుకెళతాయో పట్టిక వేశాను. ఎక్కడ ఇసక దిబ్బ ఉందో, ఎక్కడ కాసేపు ఒడ్డుకి చేరవచ్చో గుర్తులు పెట్టాను. తిల్ల చెట్టు కొమ్మ విరిస్తే పాలొస్తాయి, అవి కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది, కాబట్టి కొమ్మలు పట్టుకోరాదు అని రాశాను. అదృష్టం ఉంటే నీటికుక్కలు కనిపిస్తాయని కూడా రాశాను.

రాసింది చదువుకుంటే నాకే వెళ్ళాలనిపించేది. మడ చెట్ల వేళ్ళ మధ్య నించి పొద్దుటి ఎండ, పక్కన నిశ్శబ్దంగా సముద్రం. అంతలోనే నడుం పక్కనే నీళ్ళుంటాయన్న సంగతి గుర్తొచ్చి కాగితాలు మూసేసేవాణ్ణి. ప్లాను ఎంత బాగా వస్తే నేను అంత గట్టిగా ఇరుక్కుంటున్నాను. డైరెక్టరు గారు ఒక్కో పేజీ చదివి, స్టాఫ్ మీటింగులో నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. చప్పట్ల మధ్య నిలబడి ‘నాకు రాదండి’ అని ఎవరు అంటారు?

బయటపడే దారులు వెతికాను. ఆ అడవిలోకి వెళ్ళాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. ఎలాగూ ఇవ్వరు, ఇచ్చినా ఏడాది పడుతుందని ధైర్యంగా దరఖాస్తు పెట్టాను. నా జీవితంలో మొదటిసారి ఒక ప్రభుత్వ ఆఫీసులో నా పని వారంలో అయిపోయింది. కాగితం ఇస్తూ ఆ ఆఫీసరు గారు “మంచి ప్లానండి, చాలా జాగర్తగా రాశారు” అన్నారు. ఆయన్ని కొట్టాలనిపించింది.

నవంబరు వచ్చాక రోజూ రాత్రి వార్తల్లో తుఫాను కోసం చూసేవాణ్ణి. బంగాళాఖాతంలో అల్పపీడనం అంటే చాలు, నా ప్రాణం లేచొచ్చేది. ఒకరోజు మా ఆవిడ పళ్ళెం కింద పెట్టి “ఊళ్ళో సార్వా కోతలు అవలేదు, వరి పనలు చేలోనే ఉన్నాయి. మీ ఒక్కరి దోనె ఆగాలని తుపాను రావాలా?” అంది. ఆ రాత్రి నుంచి వార్తలు చూడడం మానేశాను. ఎలాగూ ఆ ఏడాది తుఫాను రాలేదు.

“చెప్పెయ్యండి,” అంది తనే మళ్ళీ. “రాదని చెప్తే ప్రాణం పోదు. చెప్పకపోతే పోద్ది.”

“పరువో?”

“పరువు తడిసినా ఆరిపోద్దండి.”

చెప్పలేదు. దానికి బదులు, సిగ్గు విడిచి ఆవిడనే ఈత నేర్పమన్నాను. మొగల్తూరు దగ్గర మా పెద్ద బావమరిదికి చేపల చెరువు ఉంది. ఆదివారం మధ్యాహ్నం అందరూ భోంచేసి పడుకున్నాక మేమిద్దరం దొంగల్లా చెరువు దగ్గరికి వెళ్ళేవాళ్ళం. ఆవిడ చీర కుచ్చిళ్ళు దోపుకుని గుండె లోతులో నిలబడి నా వీపు కింద చెయ్యి పెట్టేది. “ఒళ్ళు వదిలెయ్యండి. నేనున్నాను గదా. మెడ బిగించకండి.” వెల్లకిలా పది లెక్క దాకా తేలగలిగాను. చేపలు వచ్చి కాళ్ళు కొరికేవి. ఆవిడ చెయ్యి తీసిందని తెలిసిన మరుక్షణం మునిగేవాణ్ణి. ముక్కులోకి నీళ్ళెళ్ళి, ఆ ఆకుపచ్చ రంగు కళ్ళ ముందుకొచ్చి, పిల్లాడిలా ఆవిడ మెడ పట్టుకునేవాణ్ణి. మూడో ఆదివారం నేను ఏడ్చాను. ఆవిడ తువ్వాలు ఇచ్చింది. నాలుగో ఆదివారం మేం వెళ్ళలేదు.

డిసెంబరులో ఫారాలు వచ్చాయి. కయాకులు అద్దెకిచ్చేవాళ్ళు ఈత వచ్చినవాళ్ళకే ఇస్తామన్నారు. లైఫ్ జాకెట్లు ఉంటాయి, అయినా సముద్రం కాబట్టి ప్రతివాళ్ళూ సంతకం పెట్టి ఇవ్వాలి. ఆ ఫారం టైపు చేసింది నేనే. ‘స్విమ్మర్’, ‘నాన్ స్విమ్మర్’, రెండిట్లో ఒకటి కొట్టెయ్యాలి. ముందు నాది నింపి పెడితే మిగతావాళ్ళు అలాగే నింపుతారని డైరెక్టరు గారన్నారు. లైబ్రరీలో నా బల్ల దగ్గర కూర్చుని, అద్దాలు తుడుచుకుని, నీళ్ళు తాగి, ‘నాన్ స్విమ్మర్’ని స్కేలు పెట్టి కొట్టేశాను. గీత బాగా తిన్నగా వచ్చింది.

తరవాత ఒక్కొక్కరే వచ్చి నా ఫారం చూసి వాళ్ళది నింపారు. ఫిజిక్స్ ఆయన, ల్యాబ్ అసిస్టెంట్లు ఇద్దరు, ఆఫీసు సూపరింటెండెంటు. తుని నుంచి వచ్చి మా దగ్గర ఎలక్ట్రానిక్స్ చెబుతున్న మేడం ఒకావిడ కాసేపు ఎక్కువ నిలబడ్డారు. “ఇది మీదేనా సార్?” అని అడిగి, నా ఫారం రెండుసార్లు చదివి, ఎదురు కుర్చీలో కూర్చుని సంతకం పెట్టారు. నేను ఫారాలన్నీ వరసగా పెట్టి పిన్ను కొట్టి, పైన ‘ఈత వచ్చినవాళ్ళ జాబితా’ అని రాసి డైరెక్టరు గారికి పంపించాను.

ఇక మిగిలింది ఒకటే ఆశ. ప్లానులో నేను మనస్ఫూర్తిగా రాసిన వాక్యం కూడా అదొక్కటే: ‘కయాకుల వెనక యాభై గజాల దూరంలో ఒక మోటారు బోటు రెండు రోజులూ రావలెను.’ అది ఎవరి కోసం రాశానో మా ఆవిడకీ నాకూ తెలుసు. బోటు మాట్లాడడానికి తాళ్ళరేవు అవతల మత్స్యకార పల్లెకి నేనే వెళ్ళాను. బోటు ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడి కుర్చీ వేయించాడు.

“కూకోండి బాబుగారూ. రాజమండ్రి నుంచాండి? ఎండన పడి వచ్చేరు.”

నేను సంగతంతా చెప్పాను. ఎవరైనా నీళ్ళలో పడితే వెంటనే ఎత్తాలి అన్నాను.

“ఆయ్.”

“మాఘమాసంలో, రెండో శనివారమండి.”

“ఆయ్. మాగమాసం అంటే మరి పెళ్ళిల్లూ గట్రా ఉంటాయి గదండి. ఆఁ, దానికేవుంది లెండి, సూద్దారి.”

“తప్పకుండా రావాలండోయ్. మీ మీదే ఆధారపడ్డాం.”

“అయ్యో, తమరంత దూరం నుంచి వచ్చి అడిగితే రానంటానాండి?”

ఇంత చదివాక మా వైపు మూడేళ్ళ పిల్లాడైనా చెబుతాడు, ఆయన రాడని. ‘రానంటానాండి’ అన్నాడు, ‘వత్తాను’ అనలేదు. రాను అనడం ఆయనకి మర్యాద కాదు, అంతే. పైగా మా వైపు వచ్చే మనిషి ‘ఎన్నింటికండి?’ అని అడుగుతాడు, రాని మనిషి కొబ్బరిబొండం కొట్టి ఇస్తాడు. ఆయన నాకు రెండు బొండాలు కొట్టి ఇచ్చాడు. తియ్యటి నీళ్ళు. నేను రెండూ తాగి, చెయ్యి పట్టుకుని ఊపి, బస్సెక్కి, తెల్లారి రిజిస్టరులో ‘బోటు ఖరారు’ అని రాశాను. నాకు తెలియదని కాదు. ఈ మాటల మధ్యే పుట్టినవాణ్ణి, ఆయన పెదవి కదలకముందే అర్థమైంది. ఆ బోటు రాకపోతే నేను నోరు విప్పక తప్పదు, అందుకని వస్తుందనే అనుకున్నాను. గోదావరివాడు ఇంకో గోదావరివాడి ‘ఆయ్’ని నమ్మడం కన్నా బుద్ధితక్కువ పని ఉండదు. ఆ పని నేను చేశాను.

చెప్పిన శనివారం తెల్లవారుజామున కాలేజీ వ్యానులో బయల్దేరాం. మా ఆవిడ గుమ్మం దాకా వచ్చి, నా చొక్కా జేబులో చిన్న విభూతి పొట్లం పెట్టింది. తాళ్ళరేవు దాటి కాలవ ఒడ్డుకి చేరేసరికి బాగా వెలుగొచ్చింది. నాలుగు కయాకులు ఒడ్డున వరసగా ఉన్నాయి. అద్దెవాళ్ళు జాకెట్లు తొడిగి, ఫారాలు తీసుకుని, రేపు భైరవపాలెంలో కలుస్తామని చెప్పి వెళ్ళిపోయారు. కాలవ నిండుగా ఉంది. అవతల మడ చెట్లు, వాటి మధ్య నించి దూరంగా సముద్రం తెల్లగా కనిపిస్తోంది. బోటు లేదు.

ఫోను చేశాను.

“ఆయ్, బయల్దేరేనండి బాబుగారూ. దార్లో ఉన్నాను.”

ఆయన గొంతు వెనక సన్నాయి వినిపిస్తోంది. డోలు కూడా. నడి సముద్రంలో సన్నాయి వాయించే ఆచారం మా వైపు లేదు.

అరగంట ఆగాం. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. నేను వేసిన పట్టిక ప్రకారం ఇంకో గంట దాటితే కాలవలో నీళ్ళు తీసేస్తాయి, బయటికి వెళ్ళలేం. ఆ పట్టిక డైరెక్టరు గారి చేతిలోనే ఉంది.

“బోటు వచ్చేదాకా ఆగుదామండి,” అన్నాను. “లేకపోతే ఇంకో వారం పెట్టుకుందామండి.”

“ఏం ఫికర్ చెయ్యకుండ్రి సాబ్. అందరికీ ఈత వస్తది, జాకెట్లున్నయ్, మీరున్నరు. నీళ్ళు పోతున్నయ్, నడువుండ్రి.”

మమ్మల్ని జంటలుగా ఆయనే విడదీశారు. నా దోనెలోకి తుని మేడం వచ్చారు. ఆవిడ ముందు కూర్చోవాలి, నేను వెనక. నేను దోనె అంచు పట్టుకుని నిలబడి ఉంటే ఆవిడ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నారు.

“సార్, ఒక మాటండి. ఎవరితోనూ అనకండేం. నాకు ఈత రాదండి.”

“ఫారంలో…”

“మీ ఫారం చూశాను గదండి. మీకొచ్చు గదా. అందుకే మీ దోనెలో వెయ్యమని నేనే డైరెక్టరు గారిని అడిగాను. మీరు వెనకుంటే నాకు భయం లేదండి.”

ఆవిడ ఎక్కి కూర్చున్నారు. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, వెనక్కి తిరిగి నవ్వారు. మిగతా మూడు దోనెలు అప్పటికే నీళ్ళలోకి జారుతున్నాయి. నేనూ ఎక్కాను. ఎందుకెక్కానని అడగకండి, కాళ్ళు ఎక్కాయి. ఎవరో వెనక నించి తోశారు. దోనె ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగింది. నీళ్ళు నా నడుం పక్కన, వేళ్ళకి తగులుతూ, ముదురు ఆకుపచ్చగా ఉన్నాయి. ముందు ఆవిడ వీపు, జడ, నారింజ రంగు లైఫ్ జాకెట్టు. ఇది తిరగబడితే ఆవిడ పట్టుకునేది నన్నే. నేను పట్టుకునేది ఆవిణ్ణే. ఇద్దరం ఒకరినొకరు కిందికి లాక్కుపోతాం. ఇంత చిన్న లెక్క నాకు అయిదు నెలల్లో ఒక్కసారి కూడా తట్టలేదు.

“నాకు ఈత రాదు!” అని అరిచాను.

పై అధికారితో అండి లేకుండా నేను మాట్లాడింది జీవితంలో అదొక్కసారే. మడ చెట్లలోంచి కొంగలు లేచాయి. డైరెక్టరు గారు తెడ్డు ఆపి తిరిగి చూశారు.

“మజాక్ చేస్తున్నరా సాబ్?”

“లేదు. రాదు. ఎప్పుడూ రాలేదు. దోనె ఒడ్డుకి లాగండి.”

తరవాత రెండో దోనెలోంచి ఫిజిక్స్ ఆయన గొంతు సవరించుకున్నారు. “మరి… నాకూ రాదండి.” ల్యాబ్ అసిస్టెంట్లలో ఒకాయన “నాకు కొంచెం వచ్చండి, కాలవల్లో అయితే,” అని, “అంటే, లోతు లేని చోటండి,” అని, చివరికి “రాదండి” అన్నాడు. సూపరింటెండెంటు గారు చెయ్యి మాత్రం ఎత్తారు. తుని మేడం సంగతి నాకు ముందే తెలుసు. లెక్క చూస్తే ఎనిమిది మందిలో అయిదుగురికి రాదు. అందరి ఫారాల మీదా స్కేలు పెట్టి గీసిన గీతలే.

దోనెలన్నీ ఒడ్డుకి లాగాం. డైరెక్టరు గారు గట్టు మీద కూలబడ్డారు. “అందరిని ఒక్కొక్కరిని అడిగిన గద. అందరు అవునన్నరు గద!” అన్నారు. మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. మేం అన్నది ‘ఆయ్’. ముందు ఫిజిక్స్ ఆయనకి నవ్వొచ్చింది. ఆయన్ని చూసి సూపరింటెండెంటు గారికి. కాసేపటికి డైరెక్టరు గారు కూడా తల పట్టుకుని నవ్వడం మొదలెట్టారు. నాకూ నవ్వొచ్చింది. అయిదు నెలల తరవాత ఊపిరి పూర్తిగా ఆడింది. ఇంక ఎవరూ చావరు, ఇంక ఎవరికీ ఏమీ దాచక్కర్లేదు. ఇంటికి ఫోను చేసి మా ఆవిడకి చెప్పాలనుకున్నాను.

తుని మేడం నవ్వలేదు. లైఫ్ జాకెట్టు విప్పి, పట్టీలు లోపలికి మడిచి, గట్టు మీద పెట్టారు. నా దగ్గరికొచ్చి నిలబడ్డారు.

“సార్, ఒకటి అడుగుతానండి. ఆరోజు నేను మీ ఫారం చూసి సంతకం పెడుతుంటే మీరు ఎదురుగానే కూర్చున్నారు గదండి. అప్పుడు నా గురించి ఏమనుకున్నారండి?”

అబద్ధం చెప్పే ఓపిక నాలో మిగల్లేదు.

“ఏమీ అనుకోలేదమ్మా,” అన్నాను. “నా పరువు దక్కితే చాలనుకున్నాను.”

ఆవిడ తల ఊపారు.

“మా పాపకి మూడేళ్ళండి,” అని చెప్పి, వ్యాను దాకా నడిచి వెళ్ళి, డ్రైవరు పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నారు.